భరణమంటే పోషణ

సంపాదకులకు నమస్కారం.

విడాకుల వార్తలకు ఈమధ్య పత్రికల్లో ‘భారీ భరణం’, ‘కోట్లలో భరణం’ అన్న శీర్షికలు తరచుగా కనబడుతున్నాయి. వాటిని చదివినవారికి భరణమంటే విడిపోయిన భార్య గెలుచుకున్న సొమ్మన్న భావమే మిగులుతుంది. ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పిన నాకు, ఆ మాటకు జరుగుతున్న అన్యాయం బాధ కలిగించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

భరణానికి మూలం సంస్కృతంలోని ‘భృ’ ధాతువు. మోయడం, పోషించడం అన్న రెండర్థాలూ దానికి ఉన్నాయి. భారం, భృతి, భృత్యుడు, మనం రోజూ అనే ‘భరించడం’ అన్నీ ఆ కుదుటి మాటలే. భర్త అంటే భరించేవాడు, భార్య అంటే భరింపదగినది. శకుంతల తెచ్చిన కొడుకును దుష్యంతుడు కాదన్నప్పుడు ఆకాశవాణి ‘భరస్వ పుత్రం’, అంటే ‘కొడుకును పోషించు’ అని పలికిందనీ, అందువల్లనే ఆ బాలుడికి భరతుడన్న పేరు వచ్చిందనీ వ్యాసభారతం ఆదిపర్వం చెబుతోంది. తండ్రి కాదన్న బిడ్డకు పోషణ ఇప్పించిన ధాతువు అది. దాన్ని ఈనాడు బేరసారాల మాటగా మార్చడం నాకు మింగుడు పడటం లేదు.

భరణానికి ఇంగ్లీషు మాట అయిన ‘ఎలిమొనీ’లో కూడా చాలామందికి ‘మనీ’ వినిపిస్తోంది, కానీ డబ్బుకూ దానికీ చుట్టరికం లేదు. లాటిన్‌లో ‘అలెరె’ అంటే పోషించడం. చదువుకున్న విద్యాలయాన్ని ‘అల్మా మేటర్’, పోషించిన తల్లి, అనడంలో ఉన్నదీ ఆ ధాతువే. చివరి ‘మొనీ’ మ్యాట్రిమొనీలో ఉన్నలాంటి ప్రత్యయం మాత్రమే. కోర్టుల్లో వినబడే ‘మెయింటెనెన్స్’కు లాటిన్ మూలార్థం చేత పట్టి నిలపడం. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు మన పాణిగ్రహణమే గుర్తుకు వచ్చింది. భరణానికి మా పెద్దలు వాడిన ‘మనోవర్తి’ అన్న మాటకు ‘మనువర్తి’ అన్న రూపం కూడా ఉంది కనుక, అందులో ఉన్నది మనసు కాదనీ, మనుగడలోని ‘మను’ అనీ నా నమ్మకం.

చట్టం ఈ అర్థాన్ని మరిచిపోలేదు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం తిండి, బట్ట, ఇల్లు, చదువు, వైద్యం అన్నింటినీ పోషణలోనే చేర్చింది. 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద భర్త కూడా భరణం కోరవచ్చు. నేర ప్రక్రియా స్మృతిలోని 125వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షన్, భార్యతో పాటు పిల్లలకూ, తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులకూ ఈ హక్కు ఇచ్చాయి. కొడుకు వదిలేసిన తల్లి కోరేదీ భరణమే, అయినా ఆ వార్తకు ఎవరూ ‘భారీ’ అన్న విశేషణం తగిలించరు.

కాబట్టి నా విన్నపం ఒక్కటే. భరణం వార్త వేసేటప్పుడు మొత్తం అంకెను మాత్రమే శీర్షికకు ఎక్కించకుండా, అది ఎవరెవరి పోషణకు, ఎంతకాలానికి, అందులో పిల్లల చదువుకూ తిండికీ ఎంత అన్న వివరాలు కూడా మీ విలేకరుల చేత రాయించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
రాజమహేంద్రవరం