తిరిగి కొట్టినవాడి మాట కూడా వేయండి

సంపాదకులు గారికి,

ఎవరి మీదైనా దాడి కేసు నమోదైందని వార్త వస్తే చాలు, అతను తప్పు చేసేశాడని తేల్చేస్తున్నారు. ఫోన్లలో ఒక చిన్న వీడియో తిరుగుతుంది, అందులో కనిపించేది చాలాసార్లు రెండో దెబ్బే, ఎందుకంటే మొదటి దెబ్బ పడేటప్పటికి ఎవరూ ఫోను బయటికి తీసి ఉండరు. కొట్టాడా లేదా అన్నది ఒక్కటే చూస్తే ఎలా? ఎందుకు కొట్టాడు, ఎక్కడ ఆపాడు అని కూడా చట్టం అడుగుతుంది.

ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 34వ సెక్షన్ ప్రకారం ఆత్మరక్షణ కోసం చేసిన పని నేరం కాదు. ముక్కూమొహం తెలియని మనిషిని కొడుతుంటే అడ్డుపడినా ఆ హక్కు వర్తిస్తుంది. హద్దు మాత్రం ఉంది: అవసరాన్ని మించకూడదు, పోలీసుల్ని పిలిచే వ్యవధి ఉంటే హక్కే రాదు. ఎదుటివాడు కిందపడి లేవలేకపోతుంటే ఇంకో నాలుగు తన్నడం పగ తీర్చుకోవడమే. అలాగని ప్రాణభయంలో ఉన్నవాడు దెబ్బను తూచి వేయలేడు కదా, 1971లో జమైకా నుంచి వచ్చిన పామర్ కేసులో లండన్‌లోని అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్ కూడా ఈ మాటే చెప్పింది. ఇక రెచ్చగొట్టాడు కాబట్టి కొట్టానంటే కేసు కొట్టేయరు, శిక్ష తగ్గుతుంది అంతే. మామూలుగా గాయపరిస్తే ఏడాది వరకు జైలు, తీవ్రంగా, హఠాత్తుగా రెచ్చగొట్టినప్పుడైతే నెల వరకు.

నాకు బాధ కలిగించేది ఇంకొకటి. స్టేషన్లో టెన్షన్ పడి చాలామంది "నేనసలు చెయ్యే ఎత్తలేదు" అనేస్తారు. తర్వాత వీడియో బయటపడ్డాక ఆత్మరక్షణ అంటే ఎవరు నమ్ముతారు? అది చూపించాల్సిన భారం నిందితుడి మీదే ఉంటుంది, నేరం రుజువు చేయాల్సిన ప్రాసిక్యూషన్‌కి ఉన్నంత గట్టిగా కాకపోయినా. తన ఒంటిమీద దెబ్బలుంటే వెంటనే డాక్టరు చేత రాయించుకోవాలి. అరెస్టైన మనిషిని వైద్యాధికారి పరీక్షించాలని అరెస్టు, విచారణ పద్ధతుల చట్టమైన నాగరిక్ సురక్షా సంహిత 53వ సెక్షనే చెబుతోంది, ఆ కాగితం కాపీ అడిగి తీసుకోవడం అతని హక్కు. కమిలిన చోట రెండు వారాల్లో మచ్చ కూడా మిగలదు, అప్పుడు కోర్టుకి ఏం చూపిస్తాడు?

దాడి వార్త వేసేటప్పుడు నిందితుడికి గాయాలున్నాయా, అతను కూడా ఎదురు ఫిర్యాదు ఇచ్చాడా అని మీ విలేకరుల చేత అడిగించండి. కేసు కొట్టేసిన రోజున ఆ వార్త కూడా, మొదట వేసిన పేజీలోనే, అంతే పెద్దదిగా వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు