బురద మెఫిట్ చచ్చింది, నువ్వు ఇరుక్కున్నావు

ఒరేయ్ మామా,

ఫోన్‌లో చెప్పడం మొదలుపెడితే నువ్వు మధ్యలో పది అడ్డుప్రశ్నలు వేస్తావు, అందుకే ఉత్తరం. పోయిన ఆదివారం మన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకి (అదే, నేను కథ చెబుతుంటే మీరంతా తలో పాత్రై పాచికలేసే ఆట) డుమ్మా కొట్టావు కదా, ఏం పోగొట్టుకున్నావో విను.

మనవాళ్లు చిత్తడి నేల దాటుతున్నారు. నీ మరుగుజ్జు యోధుడు, నువ్వు రాని రోజుకి మన ఒప్పందం ప్రకారం, నోరు మూసుకుని వెనకాలే నడుస్తున్నాడు. దారి పక్కన మోకాలెత్తు బురద కుప్ప ఉందని చెప్పాను, అంతే. డాక్టరుగారి మాంత్రికుడు వెళ్లి దాని మీదే కూర్చున్నాడు! కుప్ప మూలిగింది: "అయ్యో నా నడుం."

అది బురద మెఫిట్ రా. ఈ ఆటలో మెఫిట్లనే చిట్టి జీవులన్నీ పంచభూతాల్లో రెండేసి కలిసి పుట్టినవి: నిప్పూ నీరూ కలిస్తే ఆవిరిది, మట్టీ నీరూ కలిస్తే ఇది. కదలకుండా ఉంటే మామూలు బురదకీ దానికీ తేడా తెలీదు. రెక్కలున్నాయి, కానీ మహా బద్ధకం. ఎవరు దొరికినా కష్టాలు ఏకరువు పెట్టి డబ్బులడుక్కోవడం దాని స్వభావమని రూల్స్ పుస్తకంలోనే ఉంది. ఇక నాకు ఆగుతుందా? మా పెద్దత్తయ్య గొంతు పెట్టాను. "వానొస్తే కరిగిపోతాను నాయనా, ఎండొస్తే బీటలేస్తాను, నన్ను అడిగే దిక్కేది? రెండు బంగారు కాసులుంటే పడేసి పో బాబూ."

మొదట భయపడి నాలుగు దెబ్బలేశారు. దాని 27 హిట్ పాయింట్లలో (అంటే ప్రాణం లెక్క, సున్నా అయితే చావే) తొమ్మిదే మిగిలాయి. అప్పుడది దెబ్బల మీద కూడా ఏడుపు మొదలెట్టేసరికి అందరికీ జాలేసింది. మూడుసార్లు కాసులిచ్చారు. అది పోతేగా!

కథల్లో మట్టి మనుషులు ఎక్కువగా మూగవాళ్లే, గమనించావా? యూదుల ధర్మగ్రంథం తాల్ముద్‌లో రవా అనే పండితుడు ఒక మనిషిని సృష్టించి రబ్బీ జేరా దగ్గరికి పంపిస్తాడు. పలకరిస్తే జవాబు రాదు. "నువ్వు మా తోటి పండితులు సృష్టించినవాడివి, మళ్లీ మట్టైపో" అంటాడు జేరా. ప్రాగ్ నగరపు కథల్లో ప్రాణం పోసుకున్న మట్టిబొమ్మ గోలెం కూడా మాటరానిదే. మన శాలివాహనుడి మట్టి సైన్యం సంగతీ అంతే. కుమ్మరి ఇంట పెరిగి, మట్టి ఏనుగులకీ గుర్రాలకీ సైనికులకీ ప్రాణం పోసి విక్రమార్కుడి మీదికి తోలాడు కదా (కుమ్మరులు ఇప్పటికీ తాము శాలివాహనులమని చెప్పుకుంటారు). అంత సైన్యంలో ఒక్క సిపాయి "జీతమెంత?" అని అడిగినట్టు నేనెక్కడా వినలేదు. చెప్పిన పని చేసే మట్టి కంటే సణిగే మట్టే నాకు నచ్చింది.

ఇంకోటి. మా చెల్లి వినాయక చవితికి తెచ్చిన మట్టిలో మిగిలిన ముద్ద తడిపి, ఆట జరుగుతుండగానే మెఫిట్ బొమ్మ చేసేసింది. కళ్లకి మిరియాలు, రెక్కలకి అగరుబత్తి పుల్లలు. బొటనవేలి ముద్ర పొట్ట మీద అలాగే ఉండిపోయింది. ఫ్యాన్ గాలికి గంటలో ఆరి, ఎడమ రెక్క ఊడి పళ్లెంలో పడింది. "దీనికి హిట్ పాయింట్లు తగ్గుతాయా అన్నయ్యా?" అని నిజంగానే అడిగింది. తగ్గవన్నాను. ఊపిరి పీల్చుకుంది.

రాత్రి కాపలా వంతు పక్కింటి కుర్రాడిది. మెఫిట్ దాని చిన్నతనం గురించి చెప్పడం మొదలెట్టింది. నేను కూడా కాస్త ఎక్కువే సాగదీశాను, ఒప్పుకుంటాను. వాడు ఓపిక నశించి, "నోరు మూయించడానికి పక్కనున్న చెట్టుకి బాణం వేస్తున్నా" అన్నాడు. బెదిరించడానికేనట. పాచిక వెయ్యమన్నాను. ఒకటి పడింది, అన్నిటికన్నా చెత్త అంకె! చెట్టుకి తగలాల్సింది కాస్తా దీనికి తగిలిందన్నాను. తొమ్మిది పాయింట్లూ హుష్. మా చెల్లి వాడితో ఇప్పటికీ మాట్లాడటం లేదు.

చచ్చేటప్పుడు అది జిగురు బురదై పేలుతుంది. అయిదడుగుల లోపల ఉన్నవాళ్లు పాచికేసి కనీసం 11 తెచ్చుకుంటేనే తప్పించుకుంటారు. డాక్టరుగారికి 14, చెల్లికి సరిగ్గా 11. నీ మరుగుజ్జు అక్కడే గురకపెట్టి పడుకున్నాడు కదా, నీ తరఫున నేనే వేశాను. నాలుగు.

రూలు ప్రకారం నీ తర్వాతి వంతు అయ్యేదాకా కదలడానికి లేదు. ఆరు సెకన్ల వ్యవహారం. కానీ నువ్వు లేవు కాబట్టి నీ వంతు రాలేదు. మిగతావాళ్లు పొద్దున్నే లేచి, నీకు టాటా చెప్పి, ఊళ్లోకి వెళ్లిపోయారు. బల్ల మీద నీ బొమ్మకి చెల్లి ఆ మట్టంతా మెత్తి పెట్టింది, ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు.

ఆదివారం ఆరింటికి వచ్చెయ్. వచ్చేటప్పుడు మిర్చి బజ్జీలు తే.

నీ
డీఎం (డంజన్ మాస్టర్, కథ నడిపేవాణ్ణి)