ఐటీఐ కమిటీల మినిట్స్ బయటపెట్టండి

సంపాదకులకు నమస్కారం.

తెలంగాణలోని 65 ప్రభుత్వ ఐటీఐలను (పారిశ్రామిక శిక్షణ సంస్థలను) అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చడం గురించి పత్రికల్లో చాలా ఫొటోలు వచ్చాయి. టాటా టెక్నాలజీస్‌తో ఒప్పందం, 2,324 కోట్ల రూపాయల ఖర్చు, రోబోలు, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ యంత్రాలు. చూసి సంతోషించినవారిలో నేనూ ఒకణ్ని. మిర్యాలగూడలో రైస్ మిల్లుల యంత్రాలు బాగుచేసే వర్క్‌షాపు నాది. ఫిట్టర్ సర్టిఫికెట్ ఉండి, సన్నని కొలతలు తీసే మైక్రోమీటర్ చదవడం రాని పిల్లలకు మళ్లీ మొదటినుంచి నేర్పుకుంటున్నవాణ్ని కాబట్టి కొత్త యంత్రాలు వద్దని ఎందుకంటాను? వాటి మీద అజమాయిషీ ఎవరిది, లెక్క ఎవరు చెప్పాలి అన్నదే నా ప్రశ్న.

ఐటీఐ పాలనలో పరిశ్రమలకు పెద్దపీట వేయడం కొత్తేమీ కాదు. 2007-08లో మొదలైన పథకం కింద కేంద్రం దేశంలోని 1,396 ప్రభుత్వ ఐటీఐల కోసం, ఒక్కోదానికి 2.5 కోట్ల రూపాయల దాకా వడ్డీ లేని అప్పు ఇవ్వాలని తలపెట్టింది. ఆ డబ్బు చేరేది ఇన్‌స్టిట్యూట్ మేనేజ్‌మెంట్ కమిటీ అనే రిజిస్టర్డ్ సొసైటీకి. అధ్యక్షుడు పరిశ్రమ భాగస్వామి. ఆయన ఎంపిక చేసే స్థానిక పారిశ్రామికులు నలుగురు. ప్రభుత్వం నియమించేవారు ఐదుగురు: జిల్లా ఉపాధి అధికారి, శాఖ ప్రతినిధి, ఒక విద్యావేత్త, ఒక సీనియర్ అధ్యాపకుడు, ఒక విద్యార్థి ప్రతినిధి. ప్రిన్సిపాల్ సభ్య కార్యదర్శి. అప్పు తీర్చడానికి మొదటి పదేళ్లు మినహాయింపు, ఆ తర్వాత 20 వార్షిక వాయిదాలు. ఆ లెక్కన గడువు ఇంకా ముగియలేదు.

కాగితం మీద ఇంతకంటే చక్కని ఏర్పాటు ఉండదు. కానీ మా ప్రాంతంలోని ఒక ఐటీఐ పిల్లలను మీ తరఫున కమిటీలో ఎవరున్నారని అడిగితే, తమకు అక్కడ ఒక కుర్చీ ఉందన్న సంగతే వారికి తెలియదు. ఏ సమావేశంలో ఏం తీర్మానించారో, వచ్చిన డబ్బులో ఎంత ఖర్చయిందో, ఎంత బ్యాంకు డిపాజిట్లలో పడి ఉందో బయటివారికి తెలిసే దారి లేదు. తెలియజేయడం మాత్రం దయాదాక్షిణ్యాల విషయం కాదు. ప్రభుత్వ సంస్థలకు అనుబంధంగా ఉన్న బోర్డులు, కమిటీల వివరాలు, వాటి మినిట్స్ (సమావేశాల రికార్డు) ప్రజలు చూడవచ్చా లేదా అన్నది ఎవరూ అడగకముందే ప్రకటించాలని 2005 నాటి సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షన్ చెబుతోంది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే కమిటీలు ఆ సెక్షన్ తమకు వర్తించదనుకుంటే ఆ మాటైనా రాతపూర్వకంగా చెప్పాలి.

ఇక కోర్సుల సంగతి. కొత్త కేంద్రాలకు ఆరు దీర్ఘకాలిక కోర్సులు నిర్ణయించారు. రోబోటిక్స్, సీఎన్‌సీ మెషినింగ్, విద్యుత్ వాహనాల మెకానిక్ వంటివి. మంచివే. హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐకి ఏవో నల్లగొండకూ అవే, మహబూబ్‌నగర్‌కూ అవే. మిర్యాలగూడ చుట్టూ ఉన్నవి పారాబాయిల్డ్ (ఉప్పుడు బియ్యం) రైస్ మిల్లులు. దామరచర్ల మండలంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం. హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు. జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో మందుల కంపెనీలు. వీటికి కావలసింది బాయిలర్, కన్వేయర్, ప్యానెల్ బోర్డు, పైపు వెల్డింగ్ తెలిసిన చేతులు. బియ్యాన్ని రంగును బట్టి ఏరే సార్టెక్స్ మిషన్ ఆగిపోతే సీజన్లో మిల్లు యజమాని మెకానిక్ కోసం ఎక్కడెక్కడికి ఫోన్లు చేస్తాడో నాకు తెలుసు. స్థానిక అవసరం చెప్పాల్సిన చోటు ఆ కమిటీయే. అది కూర్చుందో లేదో తెలియనప్పుడు మా మాట ఎవరి చెవిన వేయాలి?

ఇదే సమయంలో కేంద్రం 2025 అక్టోబరులో ఐటీఐల ఆధునీకరణకు పీఎం-సేతు పథకాన్ని ప్రారంభించింది. 60,000 కోట్లు, వెయ్యి ఐటీఐలు, వాటిలో 200 హబ్‌లు (ప్రధాన ఐటీఐలు), వాటికి అనుబంధంగా 800 సంస్థలు. యాజమాన్యం ప్రభుత్వానిది, నిర్వహణ పరిశ్రమలది అంటున్నారు. పాత కమిటీలు ఏం సాధించాయో తేల్చకుండా వాటి పక్కన మరో నిర్వహణ సంస్థను నిలబెడితే, రేపు యంత్రం చెడిపోయినప్పుడు ప్రిన్సిపాల్ కంపెనీని, కంపెనీ శాఖను, శాఖ కేంద్రాన్ని చూపిస్తాయి. నష్టపోయేది రెండేళ్ల కోర్సులో చేరిన కుర్రాడు.

రాష్ట్ర ఉపాధి, శిక్షణ శాఖను కోరేది పెద్దదేమీ కాదు. ప్రతి ఐటీఐ నోటీసు బోర్డు మీద, వెబ్‌సైటులో కమిటీ సభ్యుల పేర్లు, గత మూడేళ్ల మినిట్స్, ఆడిట్ లెక్కలు, అప్పు వాయిదాల వివరాలు పెట్టించాలి. చిన్న వర్క్‌షాపులవారికి, మిల్లుల సంఘాలకు కమిటీలో చోటివ్వాలి. పెద్ద కంపెనీ అధికారి ఏడాదికోసారి వచ్చి పోతాడు, మేము ఊళ్లోనే ఉంటాం. విద్యార్థి ప్రతినిధిని విద్యార్థులే ఎన్నుకోవాలి. ఖాళీగా ఉన్న బోధకుల పోస్టులు ట్రేడ్‌వారీగా ప్రకటించాలి, ఎందుకంటే నేర్పేవాడు లేని సీఎన్‌సీ యంత్రం మీద ప్లాస్టిక్ కవరు తీయరు. ఒప్పంద కాలం ముగిశాక ఆ యంత్రాల మరమ్మతుకు, సాఫ్ట్‌వేర్ లైసెన్సులకు డబ్బు ఏ పద్దు నుంచి వస్తుందో కూడా ఇప్పుడే చెప్పాలి.

— రైస్ మిల్లు యంత్రాల వర్క్‌షాపు యజమాని, మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా