త్యాగయ్య కృతికి కంపెనీ హక్కేమిటి?

సంపాదకులకు నమస్కారం.

అమలాపురంలో పిల్లలకు గాత్రం చెబుతుంటాను. త్యాగరాజ ఆరాధనకు మా పిల్లలు పాడిన 'సాధించెనే' వీడియో నెట్‌లో పెడితే, తెల్లారేసరికి కాపీరైట్ నోటీసు! అది తమదేనని ఓ రికార్డింగ్ కంపెనీ క్లెయిమ్ వేసింది. వీడియో తియ్యలేదు గానీ ప్రకటనలొస్తే ఆ డబ్బు వాళ్లకి పోతుందట. మాకెలాగూ రూపాయి రాదు, అది పోనివ్వండి. "మన పిల్లలు కాపీ కొట్టారంటున్నారేంటి మేడమ్?" అని ఓ తల్లి వాట్సాప్ గ్రూపులో అడిగారు. ఆ మాటే పట్టుకుంది నన్ను.

త్యాగయ్య 1847లో సిద్ధి పొందారు. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ల దాకానే హక్కు. కంపెనీకి హక్కుండేది తాను చేసిన రికార్డింగ్ మీద. అంటే ఆ విద్వాంసుడి గొంతు, ఆ వయొలిన్, ఆ మృదంగం. మా పిల్లలు శ్రుతి పెట్టె పెట్టుకుని సొంత గొంతుతో పాడారు.

మరి వీడియోల్లోని పాటల్ని రికార్డింగులతో పోల్చి క్లెయిమ్ వేసే యంత్రం మమ్మల్ని ఎందుకు పట్టుకుంది? నాకు తోచింది చెబుతాను. మాకు పాఠాంతరం, అంటే గురుపరంపరలో వచ్చిన పాట తీరు, ముఖ్యం. గురువు చెప్పినట్టే పాడాలి, ఒక్క గమకం జారినా మళ్లీ మొదటి నుంచి. 'సాధించెనే' లాంటి త్యాగయ్య పంచరత్న కృతులైతే మరీను. స్వరం, సాహిత్యం అందరూ కలిసి పాడతారు గనక ఊరూరా దాదాపు ఒకటే పాఠం. ఈ లెక్కన ఎంత శ్రద్ధగా పాడితే అంత దొంగలమన్నమాట.

అభ్యంతరం పెట్టాను. అది వెళ్లేది క్లెయిమ్ వేసినవాళ్ల దగ్గరికే! జవాబివ్వడానికి వాళ్లకి 30 రోజులు. 2013 నాటి కాపీరైట్ నిబంధనలే నయం. ఫిర్యాదు చేసేవాళ్లు తమ హక్కేమిటో రాతపూర్వకంగా చూపాలి, 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేకపోతే ఆపినదాన్ని మళ్లీ పెట్టేయొచ్చు. యంత్రం వేసే క్లెయిమ్‌కి ఇవేవీ అక్కర్లేదు. నిరాధారంగా బెదిరిస్తే కోర్టుకెళ్లొచ్చని కాపీరైట్ చట్టంలో 60వ సెక్షన్ ఉంది గానీ, పాట చెప్పుకునే పంతులమ్మ లాయరు ఫీజు ఎక్కడ తెస్తుంది?

పాతవన్నీ ఊరుమ్మడి అని నేననను. అన్నమయ్య సాహిత్యం ఎప్పటిదైనా, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు కట్టిన వరుసల సంగతి వేరు. ఆయన 1979లో పోయారు, 60 ఏళ్ల లెక్క 2039 దాకా వస్తుంది. అలాంటివి అడిగి, పేరు వేసి పాడుకోవాల్సిందే. చాలామంది వెయ్యరు, అదీ తప్పే.

ఎవరి గొంతు, ఏ ఏడాది రికార్డింగ్ అన్నది చెప్పందే పాత వాగ్గేయకారుల కృతుల మీద క్లెయిమ్ చెల్లకూడదు. తప్పని తేలితే ఆ రికార్డింగ్ పేరుతో యంత్రం మళ్లీ నోటీసులు పంపకుండా ఆపాలి. పెళ్లిళ్లలో పాటలకు రాయల్టీ అడగొద్దని 2023లో కేంద్రం నోటీసు ఇచ్చింది కదా, దీనికీ అలాంటిదొకటి ఇవ్వమని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను.

– ఒక సంగీతం టీచరు, అమలాపురం