వేట లేని నెలలో సర్వే

ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం
ఆదివారం రాత్రి

అమ్మలూ,

ప్రాజెక్టు డబ్బు కోసం మీ వాళ్లు రాసే అప్లికేషన్లు చూసిపెట్టే నీ ఉద్యోగం గురించి పొద్దున ఫోన్‌లో నువ్వన్న మాట రోజంతా చెవిలో తిరుగుతూనే ఉంది. "ఎకనామిక్స్ వాళ్లు రాసింది నాకు సగం అర్థం కాదు నాన్నా, అర్థం కానిదాన్ని నేనేం బాగుచేస్తాను?" అన్నావు. జవాబు చెప్పేలోపే మీ అమ్మ ఫోన్ లాక్కుని అక్కడ వంకాయలు ఎలా ఉన్నాయో కనుక్కోవడం మొదలుపెట్టింది. ఎలాగూ ఫోన్‌లో నేను సరిగా చెప్పలేను. అందుకే కాగితం తీశాను.

నాకైతే సగం కూడా అర్థమయ్యేది కాదు. బీకాం చదివి, టైపు హయ్యర్ పాసై, యూనివర్సిటీలో జూనియర్ అసిస్టెంట్‌గా చేరినవాణ్ని. చివరి పన్నెండేళ్లు ప్రాజెక్టుల సెక్షన్‌లో సూపరింటెండెంట్‌గా కూర్చున్నాను. మీ పుణెలోలాగా 'రీసెర్చ్ సెల్' అని గాజు తలుపు, ఏసీ గది మాకెక్కడివి? అప్లికేషన్ మీద సంతకం, సీలు వేయించి ఢిల్లీకి స్పీడ్‌పోస్ట్ చేయడమే మా ఉద్యోగమని అందరూ అనుకునేవారు. నేనూ అలాగే అనుకునేవాణ్ని, 2017లో ఒక మేడం ఫైలు నా టేబుల్ మీదికి వచ్చేదాకా.

ఆవిడ శ్రీకాకుళం పక్క పల్లెటూరి మనిషి. డిగ్రీ దాకా తెలుగు మీడియం. ఉద్యోగంలో చేరి రెండేళ్లయిందేమో. సోషల్ సైన్సు పరిశోధనలకి డబ్బిచ్చే ఢిల్లీ సంస్థ ఉంది కదా, ఐసీఎస్ఎస్ఆర్, దాని ప్రాజెక్టుకి అప్లై చేస్తూ ఫైలు తెచ్చి ఇచ్చింది. పైన పేరు చూస్తే 'విశాఖ మత్స్యకార మహిళల సామాజిక ఆర్థిక స్థితిగతులు: ఒక అధ్యయనం'. ఆ అచ్చులో పోసిన ఫైళ్లు నా బీరువాలో అప్పటికే బోలెడున్నాయి. బీడీ కార్మికులు, చేనేత కార్మికులు, రిక్షావాళ్లు. మనుషుల పేరు తీసేస్తే ఏది ఏదో పోల్చుకోలేవు.

రిజిస్ట్రార్ గారు మీటింగులో ఉన్నారు. బయట బెంచీ మీద కూర్చుని ఊరికే పేజీలు తిప్పుతున్నాను. మూడో పేజీలో పని పట్టిక ఉంది. ఫిషింగ్ హార్బర్‌లో సర్వే, ఏప్రిల్ 20 నుంచి జూన్ 10 వరకు అని రాసి ఉంది. అక్కడ ఆగాను. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా. చేపలు గుడ్లు పెట్టే కాలమని మోటారు బోట్లన్నీ జెట్టీకి కట్టేస్తారు. ఆ నెలల్లో వలలు బాగుచేసుకునేవాళ్లు తప్ప హార్బర్‌లో వేలంపాట ఎక్కడిది, బుట్టలెత్తుకునే ఆడవాళ్లెక్కడ? నాకు సోషియాలజీ రాదు గానీ, మీ నాయనమ్మ పుణ్యాన చేపలు తెలుసు. మూడో పేజీ మీద పెన్సిల్‌తో చిన్న గీత గీసి మేడం గారికి కబురు పెట్టాను.

ఆవిడ ముఖం చూడాలి! ఆవిడకి తెలియక కాదు. వేసవి సెలవుల్లో అయితే క్లాసులుండవు కదా అని లెక్క వేసుకుంది, అంతే. మనం తప్పు పట్టామని బాధపడుతుందేమోనని, "అసలు మీకు ఏం తెలుసుకోవాలని ఉంది మేడం? ఇంగ్లీషు వదిలేయండి, మామూలుగా చెప్పండి" అన్నాను. ఇక ఆవిడ ఆగలేదు. వేలంలో సరుకు పాడాలంటే చేతిలో డబ్బుండాలి, అది తెల్లారకముందే రోజు వడ్డీకి తెచ్చుకుంటారు, తొమ్మిది వందలు చేతికిచ్చి సాయంత్రానికి వెయ్యి కట్టించుకుంటారు, సరుకు మిగిలిపోయిన రోజున ఆ బాకీ మర్నాటి బాకీ మీద కూర్చుంటుంది. ఇదంతా చెప్పి, "ఇంత వడ్డీ కడుతూ కూడా వీళ్లు బ్యాంకు గడప ఎందుకు తొక్కరు సార్? అదే నాకు అంతుపట్టడం లేదు" అంది.

"ఇది కాగితంలో ఎక్కడుంది?" అన్నాను.

లేదు. పన్నెండు పేజీల్లో ఎక్కడా లేదు. ఇంగ్లీషులో రాసేసరికి ఆవిడ ప్రశ్న కాస్తా స్థితిగతులైపోయింది.

ఆ తర్వాత నేను చేసిందల్లా ఒకటే. ఆవిడ తెలుగులో చెప్పింది ఆవిడ ఫోన్‌లోనే రికార్డు చేయించి, అది వింటూ మొదటి పేజీ మళ్లీ రాసుకోమన్నాను. నేనొక్క వాక్యం కూడా రాసివ్వలేదు. వాళ్ల ఇంగ్లీషు చూసి నీకు చేయి దురద పుడుతుంది, నాకు తెలుసు. నువ్వు దిద్దితే అది నునుపుగా తయారవుతుంది గానీ వాళ్ల గొంతు పోతుంది. ఇప్పుడు చాట్‌జీపీటీ చేత రాయిస్తున్నారని నువ్వే చెప్పావుగా, అన్నీ ఒక్క మూసలో ఉంటున్నాయని. మా రోజుల్లో ఆ మూస పాత ఫైళ్లలోంచి వచ్చేది, అదొక్కటే తేడా.

వేట నిషేధం సంగతి కూడా ఆవిడే తిప్పుకుంది. సర్వే రెండుసార్లు చేస్తానంది, బోట్లు తిరిగే రోజుల్లో ఒకసారి, కట్టేసిన రోజుల్లో ఒకసారి. సముద్రం మీద రూపాయి రాని ఆ 61 రోజులూ పాత బాకీ ఏమవుతుందన్నది రెండో ప్రశ్న అయింది. నా పెన్సిల్ గీతకి అంత తెలివి లేదు.

బడ్జెట్ దగ్గర మాత్రం గట్టిగా కూర్చున్నాను. అది నా రాజ్యం. తక్కువ అడిగితే ఇస్తారని ఆవిడ నమ్మకం, చాలామందికి అదే నమ్మకం. సైన్సు వాళ్లయితే మైక్రోస్కోపుకి కొటేషన్ జత చేస్తారు, చదివేవాడు నోరెత్తడు. సోషల్ సైన్సు వాళ్లు చూపించడానికి ఏ మెషీనూ ఉండదు, మనుషులూ వాళ్ల టైమే ఖర్చు. తెల్లవారుజామున నాలుగింటికి ఇద్దరు ఆడపిల్లలు హార్బర్‌కి వెళ్లాలంటే సిటీ బస్సు ఉంటుందా? ఆటో, అదీ నైట్ ఛార్జి. గంట మాట్లాడిన రికార్డింగు కాగితం మీద పెట్టాలంటే ఐదారు గంటలు పడుతుంది, దానికి ఎవరికో కూలి ఇవ్వాలి. ఇవేవీ ఆవిడ వేయలేదు, తన జేబులోంచి పెట్టుకుందామనుకుంది! ఒక్కొక్కటీ రాయించి, పక్కన ఎందుకో ఒక ముక్క రాయించాను.

ఈలోపు ఆవిడ సర్వే చేసే ఆ ఆడపిల్లల్ని తీసుకుని శాంపిల్‌గా ఒకసారి హార్బర్‌కి వెళ్లింది. చేతిలో అంగీకార పత్రం. 'స్వచ్ఛందంగా పాల్గొనుటకు నా సమ్మతిని తెలియజేయుచున్నాను' అని దాని మీద ఉంది. వేలిముద్ర వేయమనేసరికి ఒకావిడ బుట్ట ఎత్తుకుని, "ఏటమ్మా, మళ్లీ అప్పు కాయితమేనా?" అని లేచి వెళ్లిపోయిందట. సంతకం అడిగే ప్రతివాడూ వాళ్లకి అప్పులవాడే. చివరికి కాగితం పక్కనపెట్టి, నోటితో చెప్పి, ఒప్పుకున్న మాట రికార్డు చేసుకుంటామని అప్లికేషన్‌లో రాసి, ఎందుకలాగో ఈ సంగతే రెండు వాక్యాల్లో చెప్పింది. మొత్తం ఫైలులో నాకు అన్నిటికంటే నచ్చిన పేరా అది.

ఇంత చేశాక వెంటనే వచ్చిందనుకుంటున్నావేమో. మొదటిసారి రాలేదు. మరుసటి ఏడు వచ్చింది.

రాలేదని తెలిసిన రోజున ఆవిడ డిపార్ట్‌మెంటుకి నేనే వెళ్లాను. ఏమీ అనలేదు. క్యాంటీన్ నుంచి రెండు టీలు తెప్పించి, మా మేనల్లుడి పెళ్లి గొడవలు చెప్పి వచ్చేశాను. పది రోజుల తర్వాత ఆవిడే ఫైలు పట్టుకుని వచ్చింది. ఇప్పుడు మీ వాళ్ల అప్లికేషన్లు నాలుగు తిరిగొచ్చాయన్నావు కదా. మెయిల్‌లో 'ఓడిపోయినా నేర్చుకున్నాం' లాంటివి పెట్టకు. వాళ్ల గదికి వెళ్లు, చాలు.

నా ఘనకార్యం కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే నువ్వు నన్ను మరీ గొప్పవాణ్ని చేసేస్తావు. 2014 అక్టోబరు, హుద్‌హుద్. శుక్రవారం మధ్యాహ్నానికి ఒక పెద్ద ప్రొఫెసర్ గారి ఫైలు సంతకాలతో సహా సిద్ధంగా ఉంది. ఆన్‌లైన్‌లో ఎక్కించడమే మిగిలింది, ఆ వచ్చే వారమే గడువు. "సోమవారం చూద్దాం సార్" అన్నాను. ఎందుకంటే తుఫాను వస్తోందని టీవీలో చెబుతున్నారు, పాలూ కొవ్వొత్తులూ కొనుక్కోవాలని తొందరగా బయల్దేరాను. చూడు, తుఫాను వస్తుందని తెలుసు, కొవ్వొత్తులు గుర్తున్నాయి, ఫైలు గుర్తులేదు. 12వ తేదీ ఆదివారం ఊరు ఊరంతా ఒరిగిపోయింది. మన వీధిలో చెట్టన్నది మిగల్లేదు, నీకూ గుర్తుండే ఉంటుంది. ఆఫీసులో కరెంటూ నెట్టూ వచ్చేసరికి గడువు దాటిపోయింది. ఆ సార్ తుఫానునే తిట్టుకున్నారు. శుక్రవారం సంగతి నేను నోరు విప్పలేదు. ఆ తర్వాత మా గోడ మీద ప్రతి గడువూ పది రోజులు ముందే అయిపోతున్నట్టు రాసేవాణ్ని. నోటిఫికేషన్ పూర్తిగా చదివే ఓపిక ఎవరికీ ఉండదు కనుక రిటైరయ్యేదాకా ఎవరూ కనిపెట్టలేదు.

డబ్బు వచ్చాక నీ పని అయిపోయిందనుకోకు. ఆ మేడం గారి ప్రాజెక్టు డబ్బు రెండో విడత ఆలస్యమై, సర్వే చేసిన అమ్మాయిలకి నాలుగు నెలలు తన జీతంలోంచి ఇచ్చుకుంది. ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ మా ఆఫీసులోనే ఆడిట్ సంతకం కోసం ఒక టేబుల్ మీద పడి ఉంది. దాని ఫారం 12-ఏ, అదొక్కటి కదిలితే గానీ తర్వాతి విడత రాదు. బ్యాంకులో ఆ డబ్బు మీద పడిన వడ్డీ లెక్క కూడా అందులో చూపించి ప్రభుత్వానికి తిరిగి కట్టాలి, చాలామంది మర్చిపోయి ఇరుక్కునేది అక్కడే. ప్రాజెక్టు వచ్చిన రోజునే ఆ ఫారం ప్రింట్ తీసి ఫైలులో మొదటి కాగితంగా పెట్టించు.

అన్నట్టు, ఐసీఎస్ఎస్ఆర్ 1969లో మొదలైనప్పుడు మొదటి ఛైర్మన్ గాడ్గిల్ గారు మీ ఊరాయనే, అక్కడి గోఖలే ఇన్‌స్టిట్యూట్‌ని నడిపిన మనిషి. ఈసారి అటువైపు వెళితే ఆ బిల్డింగ్ ఫోటో ఒకటి తీసి పంపు. అన్నేళ్లు ఆ పేరు కవర్ల మీద రాశాక చూడాలని ఉండదా?

ఇక నీ ఎకనామిక్స్ వాళ్ల సంగతి. అర్థం కాలేదని దాచుకోకు. రేపు వెళ్లి, ఎక్కడిదాకా అర్థమైందో అక్కడ పెన్సిల్‌తో గీత గీసి, "ఇక్కడ నేను ఆగిపోయాను సార్, నోటితో చెప్పండి" అను. వాళ్లకేమైనా కోపం వస్తే నాకు ఫోన్ చెయ్. సాయంత్రం ఆరు తర్వాత చెయ్, అంతకుముందు బీచ్‌లో ఉంటాను, గాలికి ఏమీ వినపడదు.

అమ్మ పూర్ణా మార్కెట్ నుంచి ఎండు నెత్తళ్లు తెప్పించింది. వాసన బయటికి రాకుండా మూడు కవర్లలో కట్టి మంగళవారం కొరియర్ చేస్తాను. హాస్టల్ గదిలో కాదు, వంటగదిలో విప్పు.

మీ నాన్న