వరదలో నానిన మందుల ఫైలు

సంపాదకులకు నమస్కారం.

2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు మా కాలనీని ముంచినప్పుడు ముందు అమ్మను పైఅంతస్తుకు చేర్చాం. తర్వాత బియ్యం, గ్యాస్ బండ, పిల్లల సర్టిఫికెట్లు. అమ్మ ఆసుపత్రి ఫైలు బీరువా కింది అరలో ఉండిపోయింది. నీళ్లు తీశాక చూస్తే కాగితాలన్నీ అతుక్కుపోయి ముద్దయ్యాయి. డాక్టరు పెన్నుతో రాసిన మోతాదులు నీలం మరకలుగా మిగిలాయి.

అమ్మకు గుండె కవాటం మార్చారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి. మోతాదు తగ్గితే గడ్డ కట్టే ప్రమాదం, పెరిగితే రక్తస్రావం. మూడో రోజు పడవలో బయటపడి వైద్య శిబిరానికి వెళితే, "ఏ మాత్రమ్మా, ఎంత పవరు?" అని అడిగారు డాక్టరు. "రాత్రిపూట సగం బిళ్లండీ" అంది అమ్మ. ఆవిడకు తెలిసింది అంతే. నాకూ అంతకు మించి తెలియదని అప్పుడే తెలిసొచ్చింది. ఆయన ఊహించి రాయలేదు, రక్త పరీక్షకు పెద్దాసుపత్రికి పంపారు. సరైన పనే చేశారు. ఆ పూట పడిన టెన్షన్ మాత్రం ఇంకా మర్చిపోలేదు.

అప్పటికే అమ్మకు 14 అంకెల ఆభా (డిజిటల్ ఆరోగ్య ఖాతా) నంబరు ఉంది. ఆ నంబరు ఇచ్చే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైంది. ఓపీ కౌంటరు దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే టోకెన్ త్వరగా వస్తోంది, సంతోషమే. కానీ అమ్మ నంబరు కింద ఆపరేషన్ వివరమూ లేదు, మందుల జాబితా లేదు. ఆసుపత్రివాళ్లు ఎక్కించలేదు, మేమూ అడగలేదు.

2005లో అమెరికాలో కత్రినా తుపాను న్యూ ఆర్లీన్స్‌ను ముంచినప్పుడు ఎందరి వైద్య కాగితాలో నీళ్లపాలయ్యాయి. మాజీ సైనికుల ఆసుపత్రుల రికార్డులు మాత్రం అప్పటికే కంప్యూటర్లలో ఉన్నాయి. ఆ రోగులు ఏ ఊరికి తరలిపోయినా అక్కడి మాజీ సైనికుల ఆసుపత్రిలో డాక్టరు చూసి మందులు రాయగలిగారు.

వరద లేని రోజుల్లోనూ ఇదే అవస్థ. పీహెచ్‌సీలో చేసిన పరీక్ష కాగితం పోతే జిల్లా ఆసుపత్రిలో అదే పరీక్ష మళ్లీ. కూలికి వెళ్లేవాళ్లకు ఒక రోజు సంపాదన పోయినట్టే.

ఆభా నంబరు కింద ఎక్కించిన రికార్డు చూడటానికి ఫోన్‌కు వచ్చే ఓటీపీ ఒక్కటే దారి అయితే చాలదు. వరదలో కరెంటు లేక మా ఇంట్లో ఫోన్లన్నీ ఆగిపోయాయి. జబ్బు, వాడే మందు, పడని మందు, బ్లడ్ గ్రూపు, ఈ నాలుగూ అచ్చువేసిన లామినేషన్ కార్డు దీర్ఘకాలిక రోగులకు ఇవ్వాలి. నెట్ లేకున్నా ఆ నాలుగూ కనబడే ట్యాబ్ శిబిరం డాక్టరు చేతిలో ఉండాలి. అంతకు మించి తెరవకూడదు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగి రోజుల తరబడి పనులు చేతిరాతతో నడిచాయి కాబట్టి, వివరాలు కంప్యూటర్లో పెట్టాలంటే జనానికుండే భయం అర్థం లేనిది కాదు. రోగి ఒప్పుకుంటేనే వివరాలు ఎక్కించాలి. ఎవరు ఎప్పుడు తెరిచి చూశారో తర్వాతైనా రోగి ఫోన్‌కు మెసేజ్ రావాలి.

వచ్చే వానాకాలం లోపే బుడమేరు పక్క కాలనీల్లో ఈ పని మొదలుపెట్టాలని ఆరోగ్యశాఖను కోరుతున్నాను. ఇల్లిల్లూ తిరిగి బీపీ, షుగర్ చూసే ఏఎన్ఎంలకు మా వీధిలో ఎవరికి ఏ జబ్బో ఇప్పటికే తెలుసు.

— ఒక పాఠకురాలు, విజయవాడ