బాబాయికి లండన్ నుంచి ఉత్తరం

లండన్

పూజ్యులైన బాబాయికి, పిన్నికి నమస్కారాలు.

మేమంతా క్షేమం. మీరు పంపిన క్రిప్టో కాయిన్ (కంప్యూటర్లలోనే ఉండే డిజిటల్ నాణెం) పత్రం ఆసాంతం చదివాను. పైసా పెట్టనక్కరలేదు, తెలిసినవాళ్లను చేర్పిస్తే చాలు, కమిషన్ ఇస్తామన్నారని రాశారు. నాకు గుండె గుభేలుమన్నది అక్కడే. ఇన్నేళ్లు బడిలో పాఠాలు చెప్పిన మీ మాట మీద ఊరికి గురి ఉంది. దాని కోసమే వాళ్లు మీ గుమ్మం తొక్కారు.

ఆ పత్రంలో కాయిన్ ఎలా పనిచేస్తుందో అర పేజీలో తేల్చేశారు. ఎవరిని చేర్పిస్తే ఎంత ముడుతుందో చెప్పే పట్టికలు మాత్రం నాలుగు పేజీలు. ముఖ్య సాంకేతిక అధికారి అంటూ వేసిన ఫొటోను ఇంటర్నెట్‌లో వెతికితే, అదే ముఖం ఒక దంతవైద్యశాల ప్రకటనలో నవ్వుతూ కనిపించింది. రోజుకు ఒక శాతం లాభం ఖాయమట, సాఫ్ట్‌వేరే వ్యాపారం చేసి సంపాదిస్తుందట!

బిట్‌కనెక్ట్ అనే క్రిప్టో పథకం వాళ్లూ సరిగ్గా ఇదే చెప్పారు. 2018 జనవరిలో అది కుప్పకూలింది. అమెరికాలో దాని ప్రచారం నడిపిన గ్లెన్ ఆర్కారోకు 2022లో 38 నెలల జైలుశిక్ష పడింది. ఆయన చేసిన పని జనాన్ని చేర్పించడమే బాబాయీ, దయచేసి ఇది మరచిపోకండి.

సభలు, చప్పట్లు చూసి కూడా నమ్మవద్దు. 2016లో ఇక్కడి వెంబ్లీ అరీనాలో వన్‌కాయిన్ అనే మరో క్రిప్టో పథకం సభకు వేలమంది వచ్చారు. వేదికెక్కి మాట్లాడిన దాని వ్యవస్థాపకురాలు రుజా ఇగ్నాతోవా మరుసటి ఏడాది అక్టోబరులో మాయమైంది, ఇంతవరకు దొరకలేదు. ఆ కాయిన్‌కు అసలు బ్లాక్‌చెయినే, అంటే లావాదేవీలన్నీ నమోదయ్యే డిజిటల్ చిట్టాయే, లేదని తరువాత బయటపడింది. నిజమైన బహిరంగ బ్లాక్‌చెయిన్ ఉంటే ఏ వాలెట్ (కాయిన్లు ఉంచే డిజిటల్ ఖాతా) నుంచి ఎక్కడికి ఎంత వెళ్లిందో ఎవరైనా చూడవచ్చు, ఎవరి అనుమతీ అక్కరలేదు. అందుకే కాయిన్ కాంట్రాక్ట్ చిరునామా, అంటే బ్లాక్‌చెయిన్‌లో ఆ కాయిన్ ప్రోగ్రాము ఉండే చోటు, అడగండి. అది ఇస్తే, మొత్తం కాయిన్లలో ఎక్కువ భాగం రెండు మూడు వాలెట్లలోనే పోగుపడి ఉందేమో నేను చూసి చెబుతాను; అలా ఉంటే ఆ కొద్దిమందే ఒక్కసారిగా అమ్మేసుకుని పోవచ్చు. మీ పత్రంలో ఆ చిరునామా ఉండాల్సిన చోట ‘త్వరలో’ అని మాత్రమే ఉంది. కాయిన్ ప్రోగ్రాముకు ఆడిట్ (బయటి సంస్థ తనిఖీ) అయిందంటే, ఆ మాట ఆడిట్ సంస్థ సొంత వెబ్‌సైట్‌లో కనబడాలి, వీళ్ల పత్రంలో ముద్ర ఉంటే చాలదు.

ఇంకొకటి. మన దేశంలో 1978 నాటి చట్టం ఒకటి ఉంది. మనుషులను చేర్పించి డబ్బు తిప్పే గొలుసు పథకాలను నడపడమే కాదు, వాటిలో చేరడం కూడా దాని ప్రకారం నేరమే. రేపు పోలీసు కేసు అయితే మీ పూర్వ విద్యార్థులు ముందుగా మీ ఇంటికే వస్తారు.

ఆదివారం ఫోన్ చేస్తాను. అప్పటిదాకా వాళ్ల పోస్టరు మీద మీ పేరు, ఫొటో వేయనివ్వకండి. ఇప్పటికే ఎవరికైనా చెప్పి ఉంటే, ఆగమని ఈ రోజే చెప్పండి.

మీ అమ్మాయి
సుధ